మూడో పద్దు

అట్టపెట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గర రిజిస్టరులో ఆడిటరమ్మ వచ్చిన టైము రాస్తుండగా ఫోన్ మోగింది. ఒంటిగంట నలభై అయిదు. అవతల, నిన్న ఇక్కడ పడి ఆసుపత్రిపాలైన కుర్రాడి అక్క.

"మేడమ్, తమ్ముణ్ణి వేరే ఆసుపత్రికి మారుస్తామంటున్నారు. వంతెన పక్కన పెద్ద నర్సింగ్ హోమ్ ఉంది చూడండి, అక్కడికి. మేనేజరు గారే అంబులెన్సు పంపించారు. ఖర్చంతా కంపెనీదేనట. వెళ్లమంటారా?"

"డాక్టర్లు ఏమన్నారు?"

"ఇక్కడ మంచాలే చాలట్లేదు, తీసుకెళ్తే మంచిదే అన్నారు. నాకే ఏమీ తోచట్లేదు. మీరు చెప్పండి."

ఆడిటరమ్మ మనసు అప్పటికే గేటు దాటి లోపలికి వెళ్లిపోయింది. చేతిలో పెన్ను, చెవి దగ్గర ఫోన్, కళ్లేమో రిజిస్టరులో నిన్నటి పేజీ మీద. "మంచిదేగా, వెళ్లమ్మా. వాడి మంచం పక్కనుంచి మాత్రం కదలకు," అని ఫోన్ పెట్టేసింది.

ఇరవై రెండేళ్లు కంపెనీల లెక్కలు తనిఖీ చేసి, ఒకనాడు పెట్టకూడని సంతకం పెట్టమంటే పెన్ను మూత బిగించి బయటికి వచ్చేసిన మనిషి ఆవిడ. ఉద్యోగం పోయింది గానీ పేరు నిలిచింది. ఎక్కడ ఏ మోసం జరిగినా "ఆడిటరమ్మని పిలవండి" అనడం జనానికి అలవాటైపోయింది. పోలీసులకు మాత్రం ఆ పేరు వింటేనే ఒళ్లు మంట.

నిన్న సాయంత్రం ఒక అమ్మాయి ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తియ్యడం కూడా మరిచిపోయింది. ఆమె తమ్ముడు ఈ ఫ్యాక్టరీలో చిన్న అకౌంటెంటు. మధ్యాహ్నం రెండూ పదికి యంత్రాల హాల్లో పై అరుగు మీంచి పద్నాలుగు అడుగుల కిందికి పడ్డాడు. తలకు దెబ్బ, ఒంట్లో స్పృహ లేదు. కంపెనీ డబ్బు తినేసి, దొరికిపోతానన్న భయంతో దూకాడని పోలీసులు తేల్చేశారు. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఆ మాటే కాగితం మీదికి ఎక్కుతుంది.

"వాడు లేచేసరికి చేతికి బేడీలుంటాయంట మేడమ్," అంది ఆ అమ్మాయి. "అసలు లేస్తాడా లేదా అని నేను చస్తుంటే, లేస్తే జైలంటారు. ఇక నేను దేవుడికి ఏమని మొక్కుకోను?"

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన రక్తపు చొక్కా జేబులో ఆమెకు నాలుగు మడతల కాగితం ఒకటి దొరికింది. అది ఇప్పుడు ఆడిటరమ్మ సంచిలో ఉంది.

* * *

మేనేజరు గది రెండో అంతస్తులో. ఆయన మాట మహా మెత్తన. ఆయనతో మాట్లాడి బయటికొచ్చినవాళ్లకు తాము అడగడానికి వచ్చిందేమిటో మెట్లు దిగాక గానీ గుర్తొచ్చేది కాదు. అసలు యజమాని పెద్దవాడు, మంచం పట్టాడు. ఏడాదికి రెండుసార్లు సంతకాలకు తప్ప ఇటు రాడు. ఫ్యాక్టరీకి కర్తా కర్మా క్రియా అన్నీ ఈయనే.

ఆయనకు ఎదురుగా ఇన్‌స్పెక్టరు అప్పటికే కూర్చుని ఉన్నాడు. పొద్దున తెరిచిన ఫైలు సాయంత్రం అయిదుకల్లా మూసేస్తాడని ఆయనకు స్టేషన్లో 'ఐదింటి ఇన్‌స్పెక్టరు' అని పేరు. దాన్ని ఆయన బిరుదు అనుకుంటాడు.

"రండి ఆడిటరమ్మ గారూ," అన్నాడు. "ఆసుపత్రిలో ఉన్నవాడికి వైద్యం కావాలి గానీ ఆడిటింగ్ ఎందుకండీ?"

"మీ ఫైలుకి వైద్యం చేద్దామని వచ్చాను. నిన్నటి నుంచి దానికీ స్పృహ లేదట."

మేనేజరు చిన్నగా నవ్వి ఆవిడ ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"నిన్న రెండూ పదికి మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, ఈ కుర్చీలోనే."

"చూసినవాళ్లు?"

"టీ టైము కదండీ. రెండు నుంచి రెండూ ఇరవై దాకా యంత్రాలు ఆపేస్తాం. అందరూ వెనక షెడ్డులోకి వెళ్తారు. నేనొక్కణ్ణే ఉన్నాను."

"అంటే హాల్లో కూడా ఎవరూ లేరన్నమాట."

"ఆ కుర్రాడు తప్ప." మేనేజరు నిట్టూర్చాడు. "మంచివాడే అనుకున్నానండీ. నా సొంత తమ్ముడిలా చూసుకున్నాను."

ఇన్‌స్పెక్టరు ఆగలేకపోయాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. చూడండి, ఈ ఏడాది కంపెనీకి లాభం వచ్చింది. కానీ బ్యాంకులో డబ్బు పోయినేడాది కంటే పంతొమ్మిది లక్షలు తక్కువ. లాభం వస్తే డబ్బు పెరగాలా, తరగాలా? మా చిన్నోణ్ణి అడిగినా చెప్తాడు. చెక్కులు రాసేది ఎవరు? ఆ కుర్రాడు. ఆ పంతొమ్మిదీ ఎక్కడున్నాయి? ఆ కుర్రాడి దగ్గర. ఇంకా ఏం కావాలి మీకు?"

ఆడిటరమ్మ సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఒక అంచున రక్తం ఎండి గోధుమరంగుకు తిరిగింది.

"ఇది వాడి చొక్కా జేబులోది. మీరు జేబు చూడలేదు, సరే. దీన్ని నగదు ప్రవాహ పట్టిక అంటారు. లాభనష్టాలు కాదు, డబ్బు ఏ దారిన వచ్చింది, ఏ దారిన పోయింది అన్నది చెప్పే కాగితం. మూడు జేబులుంటాయి ఇందులో."

"జేబులా?"

"ఈ కుర్రాడి అక్క బట్టలు కుడుతుంది. రోజూ వచ్చే కుట్టుకూలి, పోయే దారం ఖర్చు, అది ఒక జేబు. కుట్టుమిషను కొంటుంది, పాతది అమ్ముతుంది, అది రెండో జేబు. పక్కింట్లో అప్పు తెస్తుంది, తీరుస్తుంది, అది మూడోది. ఆమె కొత్త మిషను కొన్న నెలలో చేతిలో డబ్బు తగ్గితే దొంగతనం చేసిందంటారా?"

ఇన్‌స్పెక్టరు కాగితం మీదికి వంగాడు.

"వ్యాపారం మీద వచ్చింది డెబ్భై లక్షలు. అప్పు తెచ్చింది ఇరవై. కలిపితే?"

"తొంభై."

"రెండో జేబులోంచి, అంటే పెట్టుబడుల కింద పోయింది నూట తొమ్మిది. తొంభైలోంచి తీసేయండి."

ఇన్‌స్పెక్టరు పెదవులు కదిలాయి. చేతివేళ్లు కూడా కొంచెం కదిలాయి గానీ ఆయన వాటిని బల్ల కిందికి పోనిచ్చాడు. "పంతొమ్మిది తక్కువ," అన్నాడు చివరికి.

"మీ పంతొమ్మిది అదే. ఈ కాగితం ప్రకారం ఎవరూ చిల్లిగవ్వ ఎత్తుకెళ్లలేదు. డబ్బంతా ఆస్తులు కొనడానికే పోయింది."

"అంటే కేసే లేదా?"

"కాగితం నిజమైతే లేదు." ఆవిడ వేలు రెండో జేబు మీద ఆగింది. "ఇక్కడ మూడు పద్దులున్నాయి. కొత్త యంత్రం కొన్నది, తొంభై లక్షలు పోయింది. పాత యంత్రం అమ్మింది, ఆరు లక్షలు వచ్చింది. ఇతర సంస్థలో వాటా కొన్నది, ఇరవై అయిదు పోయింది. మొదటి రెండింటి పక్కన కుర్రాడు ఎర్ర పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాడు. మూడోదాని చుట్టూ సున్నా చుట్టాడు."

మేనేజరు మంచినీళ్ల గ్లాసును ఆవిడ వైపు ఇంకొంచెం జరిపాడు.

"నేను నేర్చుకున్నది ఒక్కటే ఇన్‌స్పెక్టరు గారూ. వ్యాపారం జేబులో మైనస్ కనిపిస్తే యజమాని గుండె పట్టుకుంటాడు, బ్యాంకువాడు పరిగెత్తుకొస్తాడు. ఈ జేబులో మైనస్ కనిపిస్తే మాత్రం అందరూ చప్పట్లు కొడతారు. కంపెనీ ఎదుగుతోంది, యంత్రాలు కొంటోంది అంటారు. వెనక్కి తిరిగి ఆ యంత్రం ఏదీ అని అడిగేవాడు ఉండడు. అందుకే, దాచాలనుకున్నవాడు ఇక్కడే దాస్తాడు." ఆవిడ తలెత్తి మేనేజరు వైపు చూసింది. "ఈ మూడోది ఏమిటండీ? ఏ సంస్థలో వాటా?"

"ఏవో వాటాలు లెండి. పెద్దాయన కొనమంటే కొన్నాం," అన్నాడు మేనేజరు. "వివరాలన్నీ వార్షిక పుస్తకం వెనక పేజీల్లో ఉంటాయి, తర్వాత తీసిస్తాను. ముందు యంత్రం చూస్తారా? తొంభై లక్షలంటే మీరే కాదు, ఎవరైనా అనుమానిస్తారు. కళ్లతో చూస్తే తీరిపోతుంది."

అని ఆయనే ముందు లేచాడు. ఆడిటరమ్మకు అది నచ్చింది. అడ్డుపడతాడనుకున్న మనిషి తానే దారి చూపిస్తుంటే ఎవరికైనా నచ్చుతుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఆయన వెనకే నడిచింది. అప్పటికి మూడు కావడానికి పది నిమిషాలుంది.

* * *

ఆవిడ యంత్రాల హాల్లోకి అడుగుపెట్టింది. నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం ఇంకా ఉంది. ఒక చెయ్యి చాపి, ఒక మోకాలు ముడిచి, చిన్నపిల్లలు నిద్రపోయేటప్పుడు పడుకున్నట్టు. ఆవిడ దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి ఇనుపమెట్లు ఎక్కింది.

పై అరుగుకు చుట్టూ ఇనుప కమ్మీ ఉంది. బరువులు పైకి లాగడానికి ఒకచోట చిన్న గేటు. సుద్దగీత సరిగ్గా దాని కింద ఉంది. గేటు లోపలివైపుకే తెరుచుకుంటుంది, గడియ కూడా లోపలే.

"నిన్న మీరు ఎన్నింటికి ఫోటోలు తీశారు?" అంది.

"రెండూ నలభైకి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన కళ్లు చేతిగడియారం మీద ఉన్నాయి.

"చూపించండి."

ఆయన విసుక్కుంటూ ఫోన్ తీశాడు. ఆవిడ బొమ్మను పెద్దది చేసి ఆయన ముక్కు ముందు పెట్టింది. గేటు మూసి ఉంది, గడియ వేసి ఉంది. కమ్మీ మీద అట్టదుమ్ము పొర ఈ చివర నుంచి ఆ చివర దాకా చెక్కుచెదరలేదు.

"కమ్మీ ఎక్కి దూకితే దుమ్ము చెదరాలి. చెదరలేదు. గేటు తీసుకుని దూకితే, పోతూ పోతూ వెనక గడియ వేసి మరీ దూకాడా? అంత పద్ధతైన మనిషా?"

ఇన్‌స్పెక్టరు మొహంలో రంగు మారింది. "ఎవరో వచ్చాక వేసి ఉండొచ్చు," అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

"ఎవరు ముందు వచ్చారు?"

"నేనే తల్లీ." కింద నుంచి ఒక ముసలి గొంతు పలికింది. "పెద్ద చప్పుడైతే పరిగెత్తుకొచ్చా. పైకి ఎవ్వరం ఎక్కలేదు. ఆ బిడ్డ కిందుంటే పైన మాకేం పని?"

యంత్రం పక్కన నిలబడి నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటున్న ఆ మనిషిని ఫ్యాక్టరీ అంతా బాబాయ్ అంటుంది. అట్ట కోసే యంత్రం మీద పందొమ్మిదేళ్ల అనుభవం. అందులో ఏడో ఏట కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆడిటరమ్మ మెట్లు దిగి ఆయన దగ్గరికి వెళ్లింది.

యంత్రం నీలంరంగులో తళతళలాడుతోంది. పక్కన ఇత్తడి పలక మీద ఈ ఏడాది తేదీ. ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగింది. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. అయిదు కావడానికి ఇంక రెండు గంటలు కూడా లేదు. గడియ ఒక్కదానితో కేసు నిలబడదు. తోసినవాడెవడో, ఎందుకు తోశాడో చెప్పలేకపోతే కుర్రాడి పేరు దొంగల లెక్కలోనే ఉండిపోతుంది.

"ఈ పిడి ఎడమవైపు ఉందేమిటి బాబాయ్?" అంది ఊరికే.

ముసలాయన మొహం వెలిగిపోయింది. "నా కోసమే తల్లీ! పాత యంత్రానికి పిడి కుడివైపు ఉండేది. నా వేళ్లు పోయాక ఫిట్టరు దాన్ని ఊడదీసి ఎడమకు మార్చాడు. కొత్తది కొంటున్నామంటే నా పని అయిపోయిందనుకున్నా. వచ్చి చూస్తే దీనికీ ఎడమవైపే! మేనేజరు బాబు నా కోసం ప్రత్యేకంగా చెప్పి చేయించారంట. ఏడ్చేశానమ్మా ఆ రోజు. వీధి వీధంతా చెప్పుకున్నా. ఇంత పెద్ద కంపెనీలో నా చేతి గురించి తలుచుకున్న మనిషి ఉన్నాడని."

తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు వినయంగా తల వంచాడు. "పాతకాపులు కదండీ. ఆ మాత్రం చేయకపోతే ఎలా?"

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. పక్కకు తిరిగి విన్నాడు. "అలాగా... మాట్లాడాడా?... చాలా సంతోషం... లేదు లేదు, నేను వచ్చేదాకా ఎవరినీ కలవనివ్వకండి," అన్నాడు. ఇటు తిరిగేసరికి మొహం నిండా నవ్వు. "మంచి కబురు. పెద్దాయన ఒంట్లో బాగుందట. ఒక్కసారి కనబడి వచ్చేస్తాను. మీరు తీరిగ్గా చూసుకోండి."

మూడూ ఇరవై అయిదు. ఆయన కారు గేటు దాటిన చప్పుడు వినబడేదాకా ఆడిటరమ్మ కదలలేదు. తర్వాత సంచిలోంచి ఇంటి తాళంచెవి తీసి, యంత్రానికి కుడివైపున, పిడి ఉండాల్సిన చోట రంగు మీద గీరింది.

"అమ్మా, అమ్మా! కొత్త రంగు!" ముసలాయన అడ్డం వచ్చాడు.

నీలం పెచ్చు రాలింది. దాని కింద తెల్లటి లప్పం. తాళంచెవి మొన గుచ్చితే అది పిండిలా రాలి, గుండ్రటి కన్నం బయటపడింది. పక్కనే ఇంకొకటి. గీరుతూ పోతే మొత్తం నాలుగు. కన్నం అంచున పాత ఆకుపచ్చ రంగు.

"మీ పాత యంత్రం ఏ రంగు బాబాయ్?"

ముసలాయన ముందుకు వంగాడు. మూడు వేళ్ల చేత్తో ఆ నాలుగు కన్నాలనూ ఒక్కొక్కటే తడిమాడు. పందొమ్మిదేళ్లలో ఆ బోల్టులు తానే బిగించాడు, తానే విప్పాడు. ఆయనకు ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేదు.

ఇన్‌స్పెక్టరు వంగి నేల చూశాడు. పునాది బోల్టుల చుట్టూ సిమెంటు ఏళ్లనాటి నూనె తాగి నల్లబడి ఉంది. ఎక్కడా పగలగొట్టిన జాడ లేదు. "దీన్ని ఇక్కణ్ణుంచి కదిలించనే లేదు," అన్నాడు మెల్లిగా.

"పైన పటారం, లోన లొటారం," అంది ఆడిటరమ్మ. "ఆరు లక్షలకు అమ్మినట్టు ఒక బిల్లు, తొంభై లక్షలకు కొన్నట్టు ఒక బిల్లు, మధ్యలో రెండు డబ్బాల నీలంరంగు. పాతది పోయినట్టు రాయకపోతే హాల్లో రెండు యంత్రాలు కనిపించాలి కదా, అందుకని ఆ అమ్మకం. ఇనుప సామాను అంతా సరిచూసుకున్నారు గానీ పిడి ఎటుందో ఎవరూ చూడలేదు. చూసింది బాబాయ్ ఒక్కడే. అడిగితే నీకోసమే చేయించాం అని అప్పటికప్పుడు అల్లేశాడు."

"మూడు రోజులు సెలవిచ్చారమ్మా, యంత్రం దించుతున్నామని," అన్నాడు బాబాయ్. "తిరిగొచ్చి ఆన్ చేస్తే లోపలి చప్పుడు కూడా పాతదానిలాగే ఉంది. ఒకే కంపెనీ చేసిందిగా, తోబుట్టువులేమోలే అనుకున్నా. నా చెవులు చెప్పినా నేను వినలేదు. నాకోసం చేయించారన్న మాట ఒక్కటే విన్నాను." ఆయన నూనెగుడ్డను నేలకేసి కొట్టాడు. "ఆ బిడ్డ కూడా ఇదే అడిగాడమ్మా నిన్న!"

"ఏమడిగాడు? ఎన్నింటికి?"

"రెండింటికి, నేను టీకి పోతుంటే. బాబాయ్, నీ యంత్రానికి ఎడమ పిడి కావాలని ఆర్డరు కాగితంలో ఎక్కడా లేదు, మరి ఎలా వచ్చింది అన్నాడు. నేను నవ్వి పోయాను. వాడేమో, మనవాళ్లను ఎవడో అమ్మకందారు మోసం చేసినట్టున్నాడు, పాత సరుకుకు రంగేసి అంటగట్టాడు, మేనేజరు గారికి ఫోన్ చేసి రమ్మన్నా, పై నుంచి చూపిస్తా అని మెట్లెక్కాడు."

ఆడిటరమ్మకు కళ్లు చెమర్చాయి. దొంగను పట్టుకోబోయి దొంగకే ఫిర్యాదు చేశాడు పిచ్చివాడు. యజమానిని కాపాడుతున్నాననుకున్నాడు. అంత తెలివీ ఉండి అంత అమాయకత్వం ఏమిటిరా నాయనా అనిపించింది.

"కుర్చీలోనే ఉన్నానన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు పళ్లు బిగించి. "కుర్రాడి ఫోన్లో ఆ కాల్ ఉంటుంది. బాబాయ్, ఈ మాట నిన్న నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మీరడిగిందేమిటి బాబూ? వాడు డబ్బులు బాగా ఖర్చుపెట్టేవాడా అని అడిగారు. లేదన్నాను. పొమ్మన్నారు."

ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు. ఆయన్ని ఆ స్థితిలో చూడాలని ఆడిటరమ్మ ఏళ్ల తరబడి కోరుకుంది. ఇప్పుడు చూసే తీరిక లేదు. లోపల ఏదో గుచ్చుకుంటోంది. మూడు పద్దుల్లో రెండు తేలాయి. మూడోది?

* * *

మేనేజరు గదిలో అద్దాల బీరువాకు తాళం లేదు. వార్షిక పుస్తకం పై అరలోనే ఉంది. మూడూ నలభై ఎనిమిదికి ఇన్‌స్పెక్టరు దాన్ని తీసి వెనక పేజీలు తిప్పసాగాడు. ఇప్పుడాయన గడియారం చూడటం మానేశాడు.

"ఏ నంబరండీ?"

ఆడిటరమ్మ కుర్రాడి కాగితం తీసి చూసింది. మూడో పద్దు పక్కన, వెనక పేజీల్లో ఎన్నో వివరణ చూడాలో చెప్పే చిన్న అంకె ఉంది. కుర్రాడు సున్నా చుట్టింది పద్దు చుట్టూ కాదు, ఆ అంకె చుట్టూ. తర్వాత చూద్దామనుకుని ఉంటాడు. "పద్నాలుగు."

"పద్నాలుగు... పద్నాలుగు... ఆఁ, ఇదిగో. పట్టణంలోని ఒక ఆరోగ్య సంస్థలో యాభై ఒక్క శాతం వాటా. కంపెనీ తరఫున అక్కడ డైరెక్టరుగా..." ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "మన మేనేజరే. ఈయన ఆసుపత్రి కూడా నడుపుతున్నాడండోయ్. అడ్రసు, వంతెన పక్కన..."

ఆయన చదవడం ఆపేశాడు. ఆవిడ మొహం చూసి ఆపేశాడు.

ఒంటిగంట నలభై అయిదు. మంచిదేగా, వెళ్లమ్మా. ఆ మాట తన నోటితోనే అంది. ఒక్క నిమిషం ఆగి, ఏ ఆసుపత్రి, ఎవరిది, ఎందుకంత దయ అని అడగలేదు. ఇరవై రెండేళ్లు ప్రతి పద్దునూ ఎవరు, ఎందుకు అని నిలదీసిన మనిషి, ఒక ప్రాణాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంటే సరే అనేసింది. మూడో పద్దు గురించి అడిగినప్పుడు ఆయన ఎంత హుషారుగా లేచి యంత్రం వైపు నడిచాడో ఇప్పుడు అర్థమైంది. నీలంరంగు మీద ఆయనకు నమ్మకం. ఈ పేజీ మీద లేదు.

తొందరలో రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారి మోగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో మోతకు ఎత్తారు.

"మేడమ్!" అక్క గొంతులో పట్టలేని సంతోషం. "మీకే చేద్దామనుకుంటున్నా! తమ్ముడికి మెలకువ వచ్చింది! మూడూ ఇరవైకి కళ్లు తెరిచాడు, నన్ను గుర్తుపట్టాడు. ఎడమ, ఎడమ అని రెండుసార్లు అన్నాడు. ఎడమవైపు నొప్పేమోనని డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఎంత మంచాయనో, అప్పటికప్పుడు ఎవరికో ఫోన్ కూడా చేశారు."

పెద్దాయన ఒంట్లో బాగుందట. మాట్లాడాడా? చాలా సంతోషం. ఆడిటరమ్మ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "కుర్రాడు ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు, మేనేజరు వెళ్లింది అక్కడికే," అంది. ఇన్‌స్పెక్టరు వెంటనే వైర్‌లెస్‌లో అరుస్తూ, జీపు తాళాలు పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తాడు.

"అమ్మాయ్, నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావు? వాడి పక్కనేగా?"

"లేదు మేడమ్, కింద కౌంటర్ దగ్గర. ఏవో కాగితాల మీద సంతకాలు కావాలంటే దింపారు. మీరు కదలొద్దన్నారని చెప్పాను, రెండు నిమిషాలే అన్నారు. ఇప్పటికి పావుగంటైంది."

"పెన్ను అక్కడే పారేసి పైకి పరిగెత్తు. నేను చెప్పేది విను, అడక్కు. వాడి గదిలోకి వెళ్లి, వాడి మీద పడుకునైనా సరే, ఎవరినీ ముట్టుకోనివ్వకు. సూది వేస్తామంటే గట్టిగా కేకలు పెట్టు. పరిగెత్తు!"

చెప్పుల చప్పుడు, మెట్లు, ఆయాసం వినిపించాయి. ఆడిటరమ్మ తనూ మెట్లు దిగుతూ ఒక్కో అడుగూ వింటోంది. జీపులో ఎంత తోలినా వంతెన దగ్గరికి ఇరవై నిమిషాలు. ఆ కారు ఇక్కణ్ణుంచి కదిలి ఇరవై అయిదు నిమిషాలు దాటింది.

అవతల చప్పుడు ఆగింది. తలుపు తోస్తున్న శబ్దం. మళ్లీ తోశారు.

"మేడమ్, లోపల గడియ పెట్టుకున్నారు," అంది అక్క రొప్పుతూ. తర్వాత, ఎందుకు పరిగెత్తించారో తెలియని ఆ అమ్మాయి, పెద్దావిడకు ధైర్యం చెప్పాలనుకుంది కాబోలు. "మీరేం కంగారుపడకండి. తమ్ముడు ఒంటరిగా లేడట. మేనేజరు గారు ఇప్పుడే లోపలికి వెళ్లారని నర్సు చెబుతోంది. వాడికోసం పళ్లు కూడా తెచ్చారంట."